మే నెలాఖరు నీళ్లు

"ఇంకెందుకండీ" అనే మాటకి మండినంతగా నాకు ఒళ్లు ఏ మాటకీ మండదు. ఉద్యోగంలో ఆఖరి ఏడాదంతా ఆ మాట విని విని చెవులు చిల్లులు పడ్డాయి. ఎండలో కాలవ గట్టు మీదికి బయల్దేరుతుంటే ఆఫీసులో కంప్యూటరు దగ్గరుండే అమ్మాయి, "ఇంకెందుకండీ మీకీ తిరుగుడు, చక్కగా ఫ్యాను కింద కూర్చోండి" అనేది. గట్టు కోసుకుపోయిందని రిపోర్టు రాస్తుంటే పక్క సీటాయన, "ఇంకెందుకండీ, వచ్చేవాడు చూసుకుంటాడు లెండి" అనేవాడు. బందరు నుంచి అవనిగడ్డకి రోజూ నేనెక్కే బస్సులో కండక్టరు కూడా ఊరుకోలేదు. "ఇంకెందుకండీ, లీవులున్నాయిగా, పెట్టేసి ఇంటిపట్టున పడుకోండి" అన్నాడొక రోజు. పడుకోవడానికి నాకేమన్నా జొరమొచ్చిందా అని అడిగాను. ఆ పూట టిక్కెట్టు చేతికివ్వకుండా ఒళ్లో పడేసి వెళ్లిపోయాడు.

నేను కాలవల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుని. పేరులో ఇన్‌స్పెక్టరు ఉంది గానీ సెల్యూట్ కొట్టే హోదా ఏమీ కాదు. గట్లు చూసుకోవడం, తూములు చూసుకోవడం, షట్టర్లు ఎత్తి దించే లస్కర్లని వెంటేసుకుని నీళ్లని పై ఊళ్ల నుంచి శివారు దాకా చేర్చడం, ఇదే పని. గుడివాడలో చేరాను, కొన్నేళ్లు బందరు చుట్టుపక్కల చేశాను, చివరికి దివిసీమలో తేలాను. ఇల్లు మాత్రం బందర్లోనే ఉండిపోయింది. పొద్దున్నే క్యారేజీ పట్టుకుని బస్సెక్కడం, పులిగడ్డ దగ్గర ఏటి మీదుగా వెళ్లే కాలవని కిటికీలోంచి చూసి నీళ్లు ఏ మట్టంలో ఉన్నాయో అంచనా వేసుకోవడం, సాయంత్రానికి మోకాళ్ల దాకా బురదతో ఇంటికి చేరడం. బురద చూసి మా ఆవిడ రోజూ తిట్టేది. అసలు తిట్టని రోజు వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు.

నా రిటైర్మెంటు మే నెలాఖరున పడింది. దీనికి పూర్తి బాధ్యత మా ఊరి పంతులుగారిది. నేను పుట్టింది నాట్ల రోజుల్లో, కాలవలు నిండుగా పారేటప్పుడు అని మా అమ్మ చెప్పేది. బళ్లో వేసే నాటికి వయసు కాస్త తక్కువైతే, ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా మే నెలలో పుట్టించేశాడు. నన్నొక్కణ్నే కాదు, ఆ ఏడు చేరిన పిల్లల్లో సగం మందిని ఆ ఒక్క రోజే పుట్టించాడు. అప్పట్లో మా ఊళ్లో అందరూ చేసే పనే అది, ఎవరికీ తప్పనిపించలేదు. మా అమ్మ కూడా మురిసిపోయింది, పిల్లాడు త్వరగా బళ్లో చేరాడని. కానీ దాని ఫలితం ఏంటో చూడండి. మేలో మా కాలవలు కట్టేసి ఉంటాయి. నీళ్లుండవు. అడుగున గడ్డి, పగుళ్లు, మేకలు. జీవితమంతా నీళ్ల వెంట తిరిగినవాణ్ని ఎండిపోయిన కాలవ ముందు నిలబెట్టి, ఇక చాలు ఇంటికెళ్లమన్నారు.

ఆ సంవత్సరం నీళ్లు ఆపేసిన రోజు నేను చూసుకోలేదు. అవి నా ఆఖరి నీళ్లని నాకు తోచలేదు. ఏటా ఆపేవే కదా, మళ్లీ వచ్చేవే కదా అనుకున్నాను. ఆ రోజు నేనెక్కడున్నానో తెలుసా? బందర్లో పళ్ల డాక్టరు దగ్గర నోరు తెరుచుకుని కూర్చున్నాను. తర్వాత వారం గట్టు మీదికి వెళ్లేసరికి కాలవ అడుగు కనిపిస్తోంది. ఓరి దేవుడో, అయిపోయాయే, ఒక్కసారైనా తేరిపార చూడకుండానే అయిపోయాయే అనుకున్నాను. అక్కడే ఓ తూము దిమ్మ మీద చాలాసేపు కూర్చుండిపోయాను.

అప్పట్నుంచి నాలోనూ ఏదో జారిపోయింది. అంతా ఎదుటివాళ్లదే తప్పనడం అబద్ధం. వేసవిలో మాకు కాలవల్లో గుర్రపుడెక్క తీయించడం, పూడిక తీయించడం ఉంటుంది. పొక్లెయిను వాడి పక్కన నిలబడకపోతే గట్టు పక్కన గీరేసి మధ్యలో వదిలేస్తాడు. ఎప్పుడూ నిలబడేవాణ్ని. ఈసారి అవనిగడ్డ సెంటర్లో టీ బడ్డీ దగ్గర కూర్చుని పేపరు మొత్తం చదివేవాణ్ని, టెండరు ప్రకటనలతో సహా. నేను బాగు చేయించిన కాలవలో నేను చూడని నీళ్లు పారతాయి, నాకెందుకీ ఎండ? ఇంకెందుకు? ఆ మాట నా నోటి నుంచే వచ్చేసరికి నాకే సిగ్గేసింది.

దానికి తోడు వాట్సాప్ గ్రూపొకటి. జూన్‌లో మొదలయ్యే సార్వా పంటకి నీళ్లు ఎలా వదలాలో మాట్లాడుకోవడానికి మా సెక్షన్లో కొత్త గ్రూపు పెట్టారు. నన్ను చేర్చలేదు. చేర్చకపోవడం న్యాయమే, జూన్‌లో నేనుండను కదా! కానీ మా శివారు లస్కరు ఫోను చూపించి, "ఇదేంటి బాబాయ్ గారూ, మీ పేరు కనపడదే" అన్నప్పుడు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఈ లస్కరు నాతో చాలా ఏళ్లుగా ఉన్నాడు. కాలవ ఎక్కడ ఆగిపోతుందో, ఆ ఆఖరి షట్టరు అతనిది. నీళ్లు అక్కడికి చేరగానే నాకు ఫోన్ చేసి, "వచ్చేశాయండీ" అంటాడు. ఆ మాట విన్నాకే నేను అన్నం తినేవాణ్ని. అంటే తినకుండా కూర్చునేవాణ్నని కాదు. తిన్నది వంటబట్టేది.

నా స్థానంలోకి వచ్చే అబ్బాయి కూడా అప్పటికే వచ్చి పని నేర్చుకుంటున్నాడు. మంచివాడే. చదువుకున్నవాడు. ఆర్డరు చేతికి రానంతవరకూ నన్ను సార్ అన్నాడు. వచ్చిన మర్నాటి నుంచి అంకుల్ అనడం మొదలెట్టాడు. "అంకుల్, ఈ తూము కింద ఎన్ని ఎకరాలు?" నాకు చిర్రెత్తుకొచ్చేది. "మీ అంకుల్ని ఇంటి దగ్గర అడుగు, ఇక్కడ ఇన్‌స్పెక్టర్నడుగు" అన్నాను ఒకసారి. నవ్వేసి ఊరుకున్నాడు. నవ్వకుండా ఉంటే బాగుండేది, పోట్లాడ్డానికైనా వీలుండేది.

అలాంటి రోజుల్లో, మే మూడో వారంలో, మా ఇంజినీరు మేడం పిలిచి చెప్పారు. ఊళ్లల్లో మంచినీళ్ల చెరువులు అడుగంటాయి, తాగునీటికి కొద్దిరోజులు కాలవలు వదులుతున్నారు అని. దివిసీమ శివార్లలో బోరు వేస్తే ఉప్పునీళ్లు పడతాయి. కాలవ నీళ్లే చెరువుల్లో నింపుకుని వేసవంతా తాగాలి. ఆ మాట వినగానే నాలో ఏమైందో చెప్పలేను. పైకి మామూలుగానే "సరే మేడం" అన్నాను. బయటికొచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డాను. నీళ్లు వస్తున్నాయి. నేనుండగానే వస్తున్నాయి. శివారు దాకా తీసుకెళ్లి, ఆ ఆఖరి షట్టరు దగ్గర నా కళ్లతో చూసి, అప్పుడు దిగిపోతాను. నాకు ఇంకేమీ వద్దు, శాలువా వద్దు, దండ వద్దు, ఇదొక్కటి చాలు అనుకున్నాను.

మర్నాడు తెల్లారేసరికి లేచి గెడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుంటే మా ఆవిడ వంటింట్లోంచి తొంగి చూసింది.

"ఏంటండోయ్, పెళ్లికొడుకులా తయారయ్యారు?"

"నీళ్లు వదుల్తున్నారే."

"నాతో పెళ్లి నాడు కూడా ఇంత నిగనిగలాడలేదు మీరు" అంది. అని, ఆ రోజు క్యారేజీలో ఒక గరిటె ఎక్కువ పెట్టింది.

ఎండిన కాలవలోకి మొదటి నీళ్లు ఎలా వస్తాయో చూడనివాళ్లకి చెప్పడం కష్టం. తెల్లగా, గలగలమంటూ రావు. ముందు నురగ వస్తుంది. ఆ నురగ మీద ఎండుటాకులు, తెగిన చెప్పులు, నీళ్ల సీసాలు, గుంపులు గుంపులుగా చీమలు. పగుళ్లలోకి దిగేటప్పుడు దాహమైనవాడు తాగినట్టు గుటగుటమని చప్పుడు. అడుగున దాక్కున్న పీతలు బయటికి పరిగెత్తుతాయి, వాటి కోసం కొంగలు దిగుతాయి. మనిషి తీరిగ్గా నడిస్తే ఎంత వేగమో అంతే వేగంగా నడుస్తాయి నీళ్లు. గుడివాడలో చేరిన కొత్తల్లో నేను మొదటిసారి నీళ్ల వెంట నడిచాను. ఎక్కడన్నా చెత్త అడ్డం పడితే దిగి లాగేయడం, పక్క తూములు మూసి ఉన్నాయో లేదో చూడ్డం, మళ్లీ నడవడం. ఆ సాయంత్రం ఊరి చివర జనం గట్టు మీద నిలబడి మా కోసం, అంటే నీళ్ల కోసం, ఎదురు చూస్తున్నారు. ఒక పెద్దావిడ దిగి దోసిట్లో నీళ్లు తీసుకుని కళ్లకద్దుకుంది. జీతం మొదటిసారి అందుకున్నప్పుడు కలగని ఆనందం అప్పుడు కలిగింది. ఆ ఆనందం కోసమే ఇన్నేళ్లూ నడిచాననుకుంటాను.

సరే, మే నీళ్లు వచ్చాయి. నేనూ శివారు లస్కరూ, వెనకాల కొత్త అబ్బాయీ, గట్టు పట్టుకుని నడిచాం. దారిలో ఒక పెద్దమనిషి కాలవకి ఇంజను పెట్టి తన చేపల చెరువులోకి తోడేస్తున్నాడు. తాగే నీళ్లండీ అవి! నా నోరు ఊరుకుంటుందా? "చేపలకి దాహమేసిందా అండీ? వాటికి గ్లాసుల్లో పోస్తున్నారా?" అని మొదలెట్టి, ఆయన పైపు పైకి లాగేదాకా వదల్లేదు. "మీరు ఈ నెలాఖరుకి దిగిపోతున్నారంటగా" అన్నాడాయన. "దిగేదాకా ఎక్కే ఉంటాను" అన్నాను. కొత్త అబ్బాయి నోరెళ్లబెట్టి చూశాడు. నాకు పాతికేళ్లు వెనక్కి వెళ్లినట్టయింది.

మంచినీళ్లకి వదిలినప్పుడు మా దగ్గరొక పద్ధతుంది. పై ఊరి చెరువు నిండేదాకా ఆ ఊరి కింద షట్టరు దించి ఉంచుతాం. చెరువు నిండాక ఆ ఊరి పెద్దమనిషి ఒకాయన షట్టరు దగ్గరికొచ్చి, "మాది అయ్యింది, ఎత్తుకోండి" అనాలి. ఆ మాట అన్నాకే షట్టరు ఎత్తి నీళ్లు కింది ఊరికి వదులుతాం. రూలు పుస్తకంలో ఇది ఎక్కడా ఉండదు. అయినా ఎంత పెద్ద ఆఫీసరు చెప్పినా, ఆ ఊరి నోటి నుంచి మాట రాకుండా లస్కరు హ్యాండిలు ముట్టుకోడు. ఈ ఒక్క మాట మీదే మా కాలవ మీద ఊళ్లు కొట్టుకోకుండా బతుకుతున్నాయి.

ఒక్కో ఊరూ దాటుకుంటూ వచ్చేసరికి నెలాఖరు రానే వచ్చింది. శివారుకి పైనున్న ఊరి దగ్గర నీళ్లు ఆగాయి. ఆ ఊరి చెరువు పెద్దది, నింపడానికి టైము పడుతుంది. ఆ మధ్యాహ్నం అవనిగడ్డ ఆఫీసులో నాకు సన్మానం. మా ఆవిడ కూడా బందరు నుంచి వచ్చింది. శాలువా కప్పారు, దండలేశారు, బిర్యానీ పొట్లాలు పంచారు. అందరూ చందాలేసుకుని నాకు వాకింగు బూట్లు కొనిచ్చారు. నడిచి నడిచి మోకాళ్లరిగినవాడికి నడవడానికి బూట్లు! మేడం గారు నన్ను రెండు మాటలు మాట్లాడమన్నారు. మైకు పట్టుకుని నేను, వెనక వరసలో నిలబడ్డ లస్కరుతో, "చెరువు ఎంతదాకా వచ్చిందిరా?" అన్నాను. అందరూ పగలబడి నవ్వారు. నేను నిజంగానే అడిగాను.

మా ఆవిడని దండలతో, బూట్లతో సహా బందరు బస్సెక్కించి, లస్కరు బండి మీద షట్టరు దగ్గరికి పరిగెత్తాను. ఎండ చల్లబడుతోంది. కొత్త అబ్బాయి అక్కడే ఉన్నాడు. పై ఊరి పెద్దమనిషీ ఉన్నాడు, నన్నెప్పుడూ బావగారూ అని పిలిచే ఆయన. శివారు ఊరి నుంచి కూడా కొంతమంది వచ్చి నిలబడ్డారు. నా సంగతి అందరికీ తెలిసిపోయింది. లస్కరు చెప్పి ఉంటాడు, వాడి నోట్లో నువ్వుగింజ నానదు.

"బావగారూ," అన్నాడాయన, "మీ ఆఖరి రోజంటగా. మీ చేత్తోనే నీళ్లు శివారుకి వెళ్లాలని ఉందంట. మీ ముచ్చట మేం కాదంటామా? మాది అయ్యింది, ఎత్తుకోండి."

అన్నాడు. ఆ మాట అనేశాడు. ఇప్పుడు ఎత్తితే చీకటి పడే లోపు నీళ్లు శివారు చేరతాయి. నేను ఇంకా ఉద్యోగంలోనే ఉంటాను. లస్కరు హ్యాండిలు తెచ్చి నా చేతికిచ్చాడు. షట్టరు రాడ్డుకి తగిలించాను. తిప్పేద్దామనే అనుకున్నాను, ఒట్టు. ఆ తిప్పుడు కోసం మొహం వాచిపోయి ఉన్నాను.

చెరువు వైపు చూశాను. షట్టరు పక్కనే చెరువు. ఒకావిడ బిందె పట్టుకుని నీళ్లకి దిగుతోంది. మెట్లన్నీ అయిపోయాయి. ఆ కింద ఇంకా బురదలో జాగ్రత్తగా అడుగులేసుకుంటూ, చీర పైకి దోపుకుని, ఒక కాలు జారి ఆపుకుని, అప్పుడు బిందె ముంచింది. చెరువు సగం కూడా నిండలేదు. జూన్‌లో కాలవలు ఎప్పుడు వదుల్తారో ఎవరికీ తెలీదు. ఈ నీళ్లు నేనిప్పుడు కిందికి పంపేస్తే, నా ముచ్చటకి ఈ ఊరు నోరెండబెట్టుకోవాలి.

"మీ చెరువు నిండలేదు బావగారూ," అన్నాను.

"పర్లేదు లెండి, సర్దుకుంటాం."

"సర్దుకోవద్దు. నిండాక చెప్పండి."

"నిండేసరికి తెల్లారుద్దండీ. రేపటికి మీరుండరుగా!"

"తెల్లారనివ్వండి," అన్నాను. గట్టిగానే అన్నాను, అరిచినట్టే అన్నాను. లేకపోతే ఏడ్చేసేవాణ్ని. హ్యాండిలు రాడ్డు నుంచి ఊడదీసి కొత్త అబ్బాయి చేతిలో పెట్టాను. "వీళ్ల చెరువు నిండి, మళ్లీ వీళ్ల నోటితో ఎత్తుకోండి అనేదాకా దీని మీద చెయ్యి పెట్టావంటే చేతులు విరగ్గొడతా" అన్నాను. "అలాగే సార్" అన్నాడు. శివారు ఊరివాళ్లు తువ్వాళ్లు దులుపుకుని గట్టు మీదే కూర్చున్నారు. నాకు తెలుసు, వాళ్లకీ ఆశే. ఒక రాత్రి ఆగడం వాళ్లకి కొత్త కాదు, ఎప్పుడూ ఆగేది వాళ్లే. నాకే కొత్త.

బందరు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. ఎవరో మొహానికి నీళ్లు కొట్టి లేపితే బాగుండనిపించింది. మర్నాడు పొద్దున్నే వెళ్దామా అని దారి పొడుగునా అనుకున్నాను. వెళ్లి ఏమని నిలబడాలి? ఆ అబ్బాయి మొదటి రోజు, వాడి నీళ్లు. నేనెళితే ఊరుకుంటానా, గట్టు మీద నిలబడి వాడికి అక్షింతలు వేస్తూనే ఉంటాను. వద్దులే అనుకున్నాను.

పొద్దున్నే మెలకువ వచ్చేసింది. ఎక్కడికీ వెళ్లక్కర్లేదని తెలిసి కూడా కాళ్లు మంచం దిగేశాయి. అరుగు మీద కుర్చీ వేసుకుని కూర్చున్నాను. అరుగు మీదికి ఎండ వచ్చాక ఫోను మోగింది. శివారు లస్కరు.

"బాబాయ్ గారూ, వచ్చేశాయండీ!"

లేచి నిలబడ్డాను. "ఎంత పారుదలుంది? తూము దగ్గర డెక్క అడ్డం పడిందా? చెరువు గేటు తీశారా? పై ఊరివాళ్లు చెప్పాకే ఎత్తారా?"

"చెప్పాకేనండీ. నిండుగా వస్తున్నాయి. జనమంతా గట్టు మీదే ఉన్నారు..." అని ఆగాడు. వెనక నుంచి జనం మాటలు, ఎవరో ఎవర్నో పిలవడం, నీళ్ల చప్పుడు వినిపిస్తున్నాయి. "అయ్యో, చూశారా, అలవాటు కొద్దీ మీకు చేసేశాను. ముందు కొత్తాయనకి చెప్పాలి కదండీ. పై ఊరి షట్టరు దగ్గర ఎదురు చూస్తున్నాడాయన. ఉంటానండీ."

పెట్టేశాడు. ఫోను ఇంకా నా చెవి దగ్గరే ఉంది. కళ్లలో నీళ్లు తిరిగాయి, తుడుచుకోలేదు. మా ఆవిడ కాఫీ గ్లాసు పట్టుకొచ్చింది.

"ఎవరండీ అంత పొద్దున్నే?"

"ఆఫీసు వాళ్లు."

"ఇంకా ఏం కావాలంట వాళ్లకి?"

"ఏమీ అక్కర్లేదంట," అన్నాను.